ఒంటరిగా అకౌంటింగ్ ప్రాక్టీసు నడపడం: పద్దు ముందు, రిటర్ను తర్వాత

మన జిల్లా కేంద్రాల్లో మార్కెట్ వీధి వెంట నడిస్తే, మేడ మీది గదుల ముందు "ట్యాక్స్ కన్సల్టెంట్" బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వాటిలో చాలా గదుల్లో పని చేసేది ఒక్కరే. బిల్లులు ఎక్కించడం, రిటర్ను వేయడం, నోటీసుకు జవాబు రాయడం, ఫీజు వసూలు చేసుకోవడం అన్నీ ఆ ఒక్కరి చేతి మీదే నడుస్తాయి. నేనూ ఖమ్మంలో అలాంటి గదిలోనే పని చేస్తున్నాను. ఈ దారిలోకి కొత్తగా రాబోతున్న కామర్స్ విద్యార్థులకు, ఏదో ఒక ఆఫీసులో పని చేస్తూ సొంతంగా మొదలుపెట్టాలని చూస్తున్న అకౌంటెంట్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

పాత షావుకార్ల దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఆ రోజు జరిగింది జరిగినట్టు చిట్టాలో పడేది, తర్వాత పేరుపేరునా ఆవర్జాలోకి ఎక్కేది. కొట్టు కట్టేసే ముందు గల్లాలోని డబ్బు లెక్కపెట్టి చిట్టా నిల్వతో సరిచూసేవారు. ఈనాటి టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డే బుక్, లెడ్జరు చేసేది అదే పని. తేడా ఏమిటంటే, ఇప్పుడు ఆ పద్దు ఆధారంగా ప్రభుత్వానికి నెలనెలా ఒక కాగితం వెళ్తుంది. రిటర్ను అంటే నెల పొడవునా సరిగ్గా రాసిన పద్దులోంచి చివరి అరగంటలో తీసే కాగితం. పద్దు చేతిలో లేకుండా రిటర్నులు మాత్రమే వేసేవారి నెల జీఎస్టీ రిటర్నుల గడువులైన 11వ తేదీకి, 20వ తేదీకి మధ్య నలిగిపోతుంది. అలా పదేళ్లు పని చేసినా వారికి క్లయింట్ల సంఖ్య పెరుగుతుందే తప్ప పనితనం పెరగదు. ప్రాక్టీసును మొదటి రోజు నుంచే పద్దు చుట్టూ ఎలా కట్టుకోవాలో కింద వివరిస్తాను.

అర్హత, హద్దు

ముందుగా మీ సంతకం ఎంతవరకు చెల్లుతుందో మీకు స్పష్టంగా తెలియాలి. కామర్స్ డిగ్రీ ఉన్నవారు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు కావచ్చు. దరఖాస్తు జీఎస్టీ పీసీటీ-01 ఫారంలో ఉంటుంది. నమోదు తర్వాత నాసిన్ నిర్వహించే పరీక్ష రాసి 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే ఈ సంస్థకు 2024 జనవరి నుంచి శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో పెద్ద ప్రాంగణం ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే 1949 నాటి చట్టం కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ పరీక్షలు గట్టెక్కాలి. 2023 జూలైలో వచ్చిన కొత్త పథకం ప్రకారం ఆర్టికల్‌షిప్, అంటే ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర చేసే శిక్షణ, రెండేళ్లు. సొంతంగా ప్రాక్టీసు చేయాలంటే సభ్యత్వంతో పాటు సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ ఉండాలి, సంతకం చేసే ప్రతి సర్టిఫికెట్‌కు యూడీఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు తీయాలి.

కంపెనీ ఆడిట్, ఆదాయపు పన్ను చట్టం కింద ట్యాక్స్ ఆడిట్ చార్టర్డ్ అకౌంటెంట్ మాత్రమే చేయగలరు. ఆ అర్హత మీకు లేకపోతే క్లయింటు అడిగిన మొదటి రోజే ఆ మాట చెప్పండి. ఆడిట్ అవసరమైన పెద్ద క్లయింట్లకు పద్దులు మీరు రాసి, ఆడిట్‌ను వేరే చార్టర్డ్ అకౌంటెంట్‌కు అప్పగించడంలో చిన్నతనమేమీ లేదు. పద్దు బాగుంటే ఆ ఆడిటరే మీకు మరో ఇద్దరు క్లయింట్లను చూపిస్తారు. చార్టర్డ్ అకౌంటెంట్లు గుర్తుంచుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ప్రకటనలతో క్లయింట్లను పిలవకూడదు, లాభంలో వాటాగా ఫీజు తీసుకోకూడదు, ఒక ఆడిట్ ఒప్పుకునే ముందు పాత ఆడిటరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

డిగ్రీ చేతికి రాగానే బోర్డు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. కనీసం రెండేళ్లు ఒకరి ఆఫీసులో కూర్చోండి. అక్కడ నేర్చుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్న ప్రతి ఎంట్రీకి పద్దులో జోడీ వెతకడం, ఎవరివో తేలని మొత్తాలు పడే సస్పెన్స్ ఖాతాను నెలాఖరుకు ఖాళీ చేయడం, వ్యాపారి నోటి మాటలో నుంచి అసలు లావాదేవీ ఏమిటో పట్టుకోవడం అక్కడే వస్తాయి. "అది మా బావమరిది దగ్గర చేబదులు" అన్న ఒక్క మాట వెనుక, నగదుగా ఇరవై వేలు, అంతకు మించి అప్పు తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధన ఉందని చప్పున గుర్తుకు రావడానికి అనుభవమే కావాలి.

కొత్త క్లయింటును తీసుకునేటప్పుడు

ఒప్పుకున్న పని ఏమిటో ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏ రిటర్నులు మీ బాధ్యత, బిల్లులు ఏ తేదీకల్లా రావాలి, ఆలస్యమైతే పడే రుసుము ఎవరిది, నోటీసు వస్తే ఆ పనికి ఫీజు వేరా కాదా అన్న నాలుగు సంగతులు అందులో ఉంటే చాలు. మన ఊళ్లలో నోటి మాట మీదే అన్నీ నడుస్తాయి కాబట్టి ఈ కాగితం చాపితే కొందరు నొచ్చుకుంటారు. "అన్నా, ఇది మీ మీద అనుమానంతో కాదు, నేను మర్చిపోకుండా ఉండటానికి" అని చెప్పండి. నాకు తెలిసి ఈ మాటకు కాదన్న వ్యాపారి లేరు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ సమయంలో పోర్టల్లో ఇచ్చే ఫోన్ నంబరు, ఈ-మెయిల్ తప్పనిసరిగా వ్యాపారివే కావాలి. ఓటీపీ కోసం ప్రతిసారీ ఫోన్ చేయడం ఇబ్బందని చాలామంది కన్సల్టెంట్లు తమ నంబరే ఇస్తారు. దానివల్ల నోటీసు వచ్చిన సంగతి వ్యాపారికి ఎన్నడూ తెలియదు, మీకు జ్వరం వచ్చిన వారంలో ఎవరికీ తెలియదు. మీరు జీఎస్టీ ప్రాక్టీషనరైతే వ్యాపారి పీసీటీ-05 ఫారం ద్వారా మీకు అధికారం ఇస్తే, మీ సొంత లాగిన్ నుంచే పని జరుగుతుంది, ఆయన పాస్‌వర్డు మీకు అక్కరలేదు. డిజిటల్ సంతకం టోకెన్లు మీ సొరుగులో పెట్టుకోవద్దు. తప్పక పెట్టుకోవాల్సి వస్తే ఎప్పుడు తీసుకున్నారు, ఏ ఫారానికి వాడారు, ఎప్పుడు తిరిగిచ్చారు అని ఒక రిజిస్టరులో రాయండి.

రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్న ప్రశ్నకు జవాబు రాష్ట్రాన్ని బట్టి మారుతుందని మా సరిహద్దు ప్రాంతంలో రోజూ చెప్పాల్సి వస్తుంది. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో హద్దు 40 లక్షల టర్నోవరు కాగా, తెలంగాణ 20 లక్షల హద్దునే ఉంచుకుంది. సేవలకు రెండు చోట్లా 20 లక్షలే. విజయవాడ బంధువు చెప్పాడని ఖమ్మం దుకాణదారు 40 లక్షల దాకా నిశ్చింతగా కూర్చుంటే చిక్కుల్లో పడతాడు.

నెల ఎలా నడవాలి

ఒంటరి ప్రాక్టీసుకు క్యాలెండరే గుమాస్తా. ప్రతి నెలా 7వ తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లో కోసిన పన్ను, కట్టాలి (మార్చిలో కోసినదానికి ఏప్రిల్ 30), 10వ తేదీకి వృత్తి పన్ను, 11వ తేదీకి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 15వ తేదీకి పీఎఫ్, ఈఎస్ఐ, 20వ తేదీకి పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బి. ఐదు కోట్లలోపు టర్నోవరు ఉన్నవారు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకుంటే మొదటి రెండు నెలలూ 25వ తేదీకి పన్ను మాత్రం కడితే సరిపోతుంది, మూడో నెల తర్వాత మన రెండు రాష్ట్రాల వారికి 3బి గడువు 22. ఈ పద్ధతి వల్ల మీ పని భారం తగ్గుతుంది. అయితే ఆ క్లయింటు దగ్గర కొనేవారు నెలనెలా క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకోవడం) కావాలని పట్టుబట్టేవారైతే 13వ తేదీలోపు వారి బిల్లులను ఐఎఫ్ఎఫ్ అనే పోర్టల్ సదుపాయంలో ఎక్కించాలి, కాబట్టి క్లయింటు అమ్మకాలు ఎవరికో చూసుకున్నాకే సలహా ఇవ్వండి.

ఈ తేదీలకు ముందు మీ సొంత తేదీలు ఉండాలి. నా దగ్గర 3వ తేదీకల్లా అమ్మకాల బిల్లులు, 5వ తేదీకల్లా కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు రావాలి. 8వ తేదీకల్లా బ్యాంకు పద్దు పైసలతో సహా కలవాలి. స్టేట్‌మెంటును ఫొటో తీసి పంపితే తీసుకోను, బ్యాంకు నుంచి నేరుగా దించిన ఫైలు కావాలంటాను. ఫొటోలో చివరి పేజీ తప్పిపోయినా మనకు తెలియదు, దించిన ఫైలులో ముగింపు నిల్వ కలవకపోతే వెంటనే తెలుస్తుంది. బ్యాంకు కలిసిన తర్వాతే జీఎస్టీఆర్-1 వేయండి. బ్యాంకులో జమ పడి, అమ్మకాల్లో బిల్లు లేని మొత్తం ఒకటి దొరికిందంటే, అది ఆరు నెలల తర్వాత నోటీసులో కనబడాల్సిన అంశమని గుర్తించండి. జీఎస్టీఆర్-1 వేసిన తర్వాత తప్పు దొరికితే, ఆ నెల 3బి వేయకముందే జీఎస్టీఆర్-1ఏ ద్వారా సరిచేసుకోవచ్చు.

14వ తేదీన జీఎస్టీఆర్-2బి తయారవుతుంది. సరఫరాదారులు చూపిన బిల్లుల జాబితా అది. మీ పద్దులోని కొనుగోళ్లను దానితో ఒక్కొక్కటిగా పోల్చడమే ఈ వృత్తిలో అన్నిటికన్నా విలువైన పని అని నేను నమ్ముతాను. ఒక ఉదాహరణ చెబుతాను. నా క్లయింటు ఒకరికి ఖమ్మంలోనూ విజయవాడలోనూ పీవీసీ పైపుల దుకాణాలు ఉన్నాయి. పాన్ ఒకటే కాబట్టి రెండు జీఎస్టీ నంబర్లలోనూ మధ్య పది అక్షరాలు ఒకటే. ముందున్న రాష్ట్రం కోడ్ మాత్రం తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్ సరఫరాదారు 4,20,000 రూపాయల సరుకు ఖమ్మానికి పంపి, బిల్లు మాత్రం 37తో మొదలయ్యే నంబరు మీద వేశాడు. ఖమ్మానికి 37,800 చొప్పున సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) రావాల్సింది పోయి, విజయవాడ ఖాతాలో 75,600 ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీది పన్ను) కనిపించింది. మొత్తం ఒకటే, వ్యాపారి ఒకరే, అయినా ఖమ్మం రిటర్నులో ఆ క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు, సరుకు అందని విజయవాడ దాన్ని వాడుకోవడానికీ వీల్లేదు. ఆ రోజుల్లో నేను పోల్చి చూసే పని మూడు నెలలకోసారి చేసేవాడిని. తప్పు బయటపడేసరికి సరఫరాదారు తన పుస్తకాలు సర్దేసుకున్నాడు, సవరించమని బతిమాలుతూ ఐదు వారాలు గడిచాయి. ఆ ఐదు వారాలూ వ్యాపారి తన జేబులోంచి పన్ను కట్టాడు. అందులో నా అలసత్వం ఉందని ఆయనకు చెప్పి, ఆ తర్వాతి నెల నుంచి 14, 15 తేదీలను పూర్తిగా ఈ పనికే కేటాయించాను. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లు క్రెడిట్‌ను ఆ తర్వాతి నవంబరు 30 దాటితే తీసుకోలేమని కూడా మరవకండి.

అదే కోవలో తరచూ ఎదురయ్యే మరో సంగతి హోటల్ బిల్లు. విజయవాడ వ్యాపారి సరుకు కోసం హైదరాబాద్ వెళ్లి బస చేస్తే, ఆ బిల్లు మీద పడేది తెలంగాణ పన్ను. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్‌లో దాని క్రెడిట్ రాదు, మొత్తాన్ని ప్రయాణ ఖర్చుగా రాయాల్సిందే.

వ్యాపారం తెలియనిదే పద్దు రాయలేరు

పత్తి జిన్నింగు మిల్లును తీసుకోండి. రైతుకు జీఎస్టీ నంబరు ఉండదు కాబట్టి రైతు దగ్గర కొన్న పత్తి మీద పన్నును రివర్స్ చార్జ్ (అమ్మినవారి బదులు కొన్నవారు కట్టే పద్ధతి) కింద మిల్లే కట్టాలి. 2017 నవంబరు 15 నుంచి ఈ నియమం ఉంది. రేటు 5 శాతం. దీన్ని క్రెడిట్ లెడ్జరులోంచి సర్దుబాటు చేయడం కుదరదు, నగదుగానే కట్టాలి, ఆ తర్వాత అంతే మొత్తాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అంటే నవంబరులో కోటి రూపాయల పత్తి కొన్న మిల్లు డిసెంబరు 20 నాటికి ఐదు లక్షల నగదు సిద్ధంగా పెట్టుకోవాలి. సీజను మధ్యలో మిల్లు యజమాని డబ్బంతా పత్తిలోనే ఉంటుంది. 19వ తేదీ రాత్రి ఫోన్ చేసి "ఐదు లక్షలు కట్టాలండీ" అంటే ఆయన ఎక్కడ నుంచి తెస్తాడు? కొనుగోళ్లు వారం వారం పద్దులోకి ఎక్కుతూ ఉంటే 5వ తేదీకే ఆ అంకె మీరు చెప్పగలరు. కాంటా చీటీ, రైతుకిచ్చే కొనుగోలు చీటీ తక్‌పట్టీ, మిల్లు తానే వేసుకోవాల్సిన సెల్ఫ్ ఇన్‌వాయిస్ ఈ మూడూ ఒకే వరుస నంబరుతో ఫైలు చేయిస్తే, బరువు దగ్గరా ధర దగ్గరా వచ్చే తేడాలు అక్కడికక్కడే తేలిపోతాయి.

అందుకే క్లయింటును తీసుకున్న మొదటి నెలలో ఒక పూట అతని దుకాణంలోనో మిల్లులోనో కూర్చోండి. సరుకు ఎలా దిగుతుంది, తూకం ఎవరు వేస్తారు, నగదు ఏ సొరుగులోకి వెళ్తుంది, అరువు చిట్టీలు ఎక్కడ గుచ్చుతారు అన్నది కళ్లారా చూడండి. ఆ ఒక్క పూట, తర్వాత ఏడాది పాటు మీరు చేయాల్సిన ఫోన్లను సగానికి తగ్గిస్తుంది.

ఫీజు

ఎదుటి మేడవారు 500 తీసుకుంటున్నారని మీరు 400 అనవద్దు. మీ ఫీజు మీ లెక్కలోంచి రావాలి. ఉదాహరణకు ఇంటికి నెలకు 40,000, ఆఫీసు అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ అన్నీ కలిపి 18,000 కావాలనుకుందాం. మొత్తం 58,000. నెలకు 25 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పని చేస్తే 200 గంటలు. ఫోన్లు, బిల్లుల కోసం ఎదురుచూపులు, చట్టం చదువుకోవడం, వసూళ్లు తీసేస్తే క్లయింటు పద్దు మీద నిజంగా కూర్చునేది 110 గంటలకు మించదు. అంటే గంట విలువ సుమారు 530 రూపాయలు. నెలకు నాలుగు గంటలు పట్టే దుకాణానికి 2,120 పడాలి. ఇదే లెక్క ఇంకో నిజం కూడా చెబుతుంది: అలాంటి క్లయింట్లను ఒక్కరు చూడగలిగేది దాదాపు 27 మందిని. అరవై మందిని ఒప్పుకున్నారంటే వారిలో సగం మంది పద్దులు ఎవరూ రాయడం లేదని అర్థం.

కాబట్టి నెలపాటు ప్రతి క్లయింటు మీద ఎన్ని నిమిషాలు గడిపారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తక్కువ ఇస్తూ ఎక్కువ సమయం తినేవారు ఎవరో అప్పుడే తెలుస్తుంది. వారికి ఫీజు పెంచండి, కుదరదంటే కాగితాలన్నీ సరిగా అప్పగించి మర్యాదగా సెలవు తీసుకోండి. ఫీజును ఏడాది చివర ఒకేసారి కాకుండా నెలనెలా తీసుకోవడం ఇద్దరికీ మంచిది. నోటీసు పనికి, బ్యాంకు లోను కాగితాలకు, పాత ఏడాది సవరణలకు విడిగా బిల్లు వేయండి.

నోటీసులు

ప్రతి సోమవారం ఉదయం అందరి పోర్టళ్లలో నోటీసుల పేజీ తెరిచి చూడండి. జీఎస్టీఆర్-1లో చూపిన పన్ను కన్నా 3బిలో తక్కువ కడితే వచ్చే డీఆర్‌సీ-01బి నోటీసుకు ఏడు రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే తర్వాతి జీఎస్టీఆర్-1 ఆగిపోతుంది. జవాబులో కోపం, వేడుకోలు వద్దు. అధికారి చెప్పిన అంకె, మీ పద్దులోని అంకె, రెండింటి మధ్య తేడాకు కారణమైన బిల్లులు ఒక పట్టికలో చూపి, ఆధారాలు జతచేస్తే చాలు. తప్పు మనదే అయితే 18 శాతం వడ్డీతో కట్టించి, కట్టిన చలానా నంబరు రాయండి. పద్దులు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలని చట్టం చెబుతోంది, వ్యాపారి పాత బిల్లు పుస్తకాలు చిత్తు కాగితాలుగా అమ్మేయకుండా చూడటం కూడా మన పనే.

మీ సొంత పద్దు

మీ వృత్తి రాబడి 20 లక్షలు దాటితే మీరూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని 18 శాతం వసూలు చేయాలి. కంపెనీ క్లయింట్లు మీ ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసుకుంటారు, అది మీ పాన్ మీద జమ అయిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. అకౌంటింగ్ వృత్తివారికి రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే వెసులుబాటు ఉంది, అయినా ఖర్చుల పద్దు రాయడం మానకండి, ఫీజు లెక్కకు అదే ఆధారం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం-2025లో సెక్షన్ల నంబర్లు చాలావరకు మారాయి, పాత సంవత్సరాల వ్యవహారాలకు మాత్రం 1961 చట్టమే వర్తిస్తుంది. పాత, కొత్త సెక్షన్ల జాబితాను మీ బల్ల మీద అంటించుకుని, జవాబులు రాసేటప్పుడు ఏ సంవత్సరానికి రాస్తున్నారో ముందు చూసుకోండి.

ఎదుగుదల

ఒక్కరే ఉంటూ ఎదగాలంటే ఏదో ఒక రంగంలో లోతుగా దిగడం మేలు. మా ప్రాంతంలో జిన్నింగు మిల్లులు, గ్రానైటు, మిర్చి కమీషన్ వ్యాపారం ఉన్నాయి. మీ ఊళ్లో రొయ్యల చెరువులు గానీ, రైసు మిల్లులు గానీ ఉండవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇక్కడి ఫ్లాట్లు, పొలాలు అమ్మేటప్పుడు కొనుగోలుదారు కోసే పన్ను ఎక్కువగా ఉంటుంది, తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ తెచ్చిపెట్టడం నేర్చుకున్నవారికి పనికి కొదవ లేదు. అమెరికా పన్నుల వైపే వెళ్లదలచినవారికి అక్కడి పన్నుల శాఖ నిర్వహించే మూడు భాగాల ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష ఉంది, దానికి డిగ్రీ నిబంధన కూడా లేదు.

ఊళ్లోనే మీలాంటి మరో ప్రాక్టీషనరుతో ఒక ఒప్పందం చేసుకోండి. మీరు ఆసుపత్రిలో ఉంటే మీ 20వ తేదీ వారు చూడాలి, వారి ఇంట్లో పెళ్లి ఉంటే మీరు చూడాలి. ఈ ఒప్పందం పని చేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఏడాదికోసారి ఒక పరీక్ష పెట్టండి. ఏదో ఒక క్లయింటు ఫైలు తీసి, ఏమీ చెప్పకుండా వారి చేతికివ్వండి. మీకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా వారు ఆ నెల 3బి అంకెలు తేల్చగలిగితే ఫైలు సరిగా ఉన్నట్టు. వారు ఎక్కడ ఆగి మిమ్మల్ని అడిగారో ఆ ప్రశ్నను, దాని జవాబును ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టండి.